బంతి లేని పరుగు

కొలంబస్‌లో ఆకురాలే కాలంలో శనివారం పూట సత్యనారాయణ వ్రతం పెట్టుకోవాలంటే పంచాంగంతోపాటు ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల పట్టిక కూడా చూడాలి. ఆ రోజు ఊళ్ళో మ్యాచ్ ఉందంటే పిలిచినవాళ్ళలో సగంమంది రారు. వచ్చినవాళ్ళలో సగంమంది ఎడమచేత్తో ఫోన్‌లో స్కోరు చూసుకుంటూ కుడిచేత్తో ప్రసాదం తింటారు. నది పక్కన గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఆ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. ఆడేవాళ్ళు చూస్తే పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. సోమవారం పొద్దున్న క్లాసుకి వెళ్ళాల్సినవాళ్ళు.

నాకు ఈ ఆటలో స్కోరుకన్నా ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఎవడు ఎక్కడ నిలబడతాడు, అక్కణ్ణించి ఇంకో చోటికి ఎందుకు పోతాడు, పోయినవాడు అక్కడ ఎలా నిలదొక్కుకుంటాడు అన్నది.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి. మైదానంలో జట్టుకి పదకొండుమంది. దాడి చేసే పదకొండుమంది వేరు, అడ్డుకునే పదకొండుమంది వేరు. దాడికి పెద్దదిక్కు క్వార్టర్‌బ్యాక్. పెళ్ళిలో పురోహితుడు నోరు తెరవందే ఏదీ కదలనట్టు, అతని చేతికి బంతి రానిదే ఆట కదలదు. బంతి అందిన రెండు మూడు సెకన్లలో అతను తేల్చుకోవాలి: విసరాలా, పక్కవాడి చేతిలో పెట్టాలా, తనే పట్టుకుని పరుగెత్తాలా. విసిరితే పట్టేవాళ్ళు వైడ్ రిసీవర్లు. వాళ్ళు ముందే అనుకున్న దారిలో, లెక్కపెట్టిన అడుగులతో పరుగెత్తి, అనుకున్న చోటే మలుపు తిరగాలి. వాళ్ళు ఇంకా తిరగకముందే క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తాడు. వాళ్ళని వదలకుండా వెంటపడేవాళ్ళు అవతలి జట్టు కార్నర్‌బ్యాక్‌లు.

ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్ జెర్సీ రంగే వేరు. ఆ రంగు వేసుకున్నవాణ్ణి ఎవరూ పడగొట్టకూడదు. వారమంతా మిగతావాళ్ళు ఒకరినొకరు గుద్దుకుని, పడి, లేచి, బురద కొట్టుకుపోతుంటే అతని దగ్గరికి వచ్చేసరికి ఎంతటి భీముడైనా ఆగి చెయ్యి పక్కకి తీసేస్తాడు. జట్టుకి అతని ఒళ్ళు అంత విలువైంది.

డేటన్ పక్కన హ్యూబర్ హైట్స్ అనే ఊరి కుర్రాడు బ్రాక్స్‌టన్ మిల్లర్ అలాంటి జెర్సీ వేసుకున్నవాడే. 2011లో ఒహాయో స్టేట్‌లో చేరిన ఏడాదే క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. తర్వాతి ఏడు అర్బన్ మేయర్ కోచ్‌గా వచ్చాడు. ఆడిన పన్నెండు మ్యాచ్‌లూ గెలిచారు. అయినా ఆ ఏడు పెద్ద టైటిల్‌కి ఆడనివ్వలేదు. అంతకుముందు కొందరు ఆటగాళ్ళు తమ జ్ఞాపికలు ఇచ్చి పచ్చబొట్లు పొడిపించుకున్నారనే గొడవకి జట్టు మొత్తానికి పడిన శిక్ష అది. 2021 దాకా కాలేజీ ఆటగాడు తన పేరు మీద పైసా సంపాదించుకోకూడదు మరి. అతని నంబరున్న చొక్కాలు దుకాణాల్లో అమ్ముకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆ చొక్కాల్లో ఎక్కువ కనబడేది మిల్లర్ నంబరు 5. 2012, 2013 రెండేళ్ళూ బిగ్ టెన్ లీగ్‌లో దాడి విభాగంలో ఉత్తమ ఆటగాడు అతనే.

2014 ఆగస్టులో, సీజన్ ఇంకా మొదలవకముందే, విసిరే భుజం మళ్ళీ దెబ్బతింది. ఏడాదంతా ఆట లేదు. అతని చోట జె.టి. బారెట్ అనే కొత్త కుర్రాణ్ణి దించారు. రెండో మ్యాచ్‌లోనే సొంత ఊళ్ళో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడారు. ఇక ఈ ఏడు అంతే అనుకున్నాం. బారెట్ కుదురుకున్నాడు, వరసగా గెలిపించాడు, నవంబరు చివర మిషిగన్ మ్యాచ్‌లో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు మూడోవాడు కార్డేల్ జోన్స్ వచ్చాడు. విస్కాన్సిన్ మీద 59-0. అలబామా మీద 42-35. 2015 జనవరి 12న టెక్సస్‌లో ఆరెగాన్ మీద 42-20, జాతీయ ఛాంపియన్‌షిప్. మూడోవాడు కిరీటం తెస్తుంటే మొదటివాడు మైదానం పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆ వేసవిలో కొలంబస్‌లో ఇదే చర్చ. క్షౌరశాలలో ఇదే, ఆఫీసులో కాఫీ దగ్గర ఇదే. ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు, ఒకటే చోటు. మిల్లర్ నిబంధనల ప్రకారం ఇంకో యూనివర్సిటీకి వెళ్ళి ఆ ఏడే ఆడొచ్చు. వెళ్ళిపోతాడని వదంతులు చాలా నడిచాయి. జులైలో అతను వెళ్ళనన్నాడు. ఉంటాను, రిసీవర్‌గా ఆడతాను అన్నాడు. నంబరు కూడా 5 నుంచి 1కి మార్చుకున్నాడు.

సెప్టెంబరు 7, లేబర్ డే సోమవారం రాత్రి. కిందటేడు ఓడించిన వర్జీనియా టెక్‌తోనే తొలి మ్యాచ్, ఈసారి వాళ్ళ ఊరు బ్లాక్స్‌బర్గ్‌లో. మేం నలుగురైదుగురం ఒక మిత్రుడి అపార్ట్‌మెంట్‌లో చేరాం. అందులో ఒకడు బ్లాక్స్‌బర్గ్‌లోనే ఎం.ఎస్. చేసినవాడు, ఖమ్మం కుర్రాడు. మెరూన్ రంగు టీషర్టు వేసుకుని మా మధ్య ఒంటరిగా, మహా ధీమాగా కూర్చున్నాడు. సగం ఆట అయ్యేసరికి వాళ్ళే 17-14తో ముందున్నారు. మావాడు మిర్చిబజ్జీల పళ్ళెం తన వైపుకి లాక్కున్నాడు.

మూడో క్వార్టర్‌లో జోన్స్ విసిరిన బంతిని మిల్లర్ పట్టాడు, 54 గజాలు, ఆఖరి గీత దాటి టచ్‌డౌన్. అది బాగుంది, అంతే. అసలు సంగతి తర్వాత జరిగింది. బంతితో పక్కకి పరుగు తీశాడు. అడ్డుకునేవాళ్ళు మీదికి వచ్చేశారు, ఇక పడటమే తరువాయి. ఆ వేగంలోనే ఒంటికాలి మీద గిర్రున ఒక చుట్టు తిరిగాడు. ఒక్క క్షణం వీపు వాళ్ళకి, మొహం తన గోలు వైపుకి. వాళ్ళ చేతులు గాలిని పట్టుకున్నాయి. తిరుగుడు పూర్తయ్యేసరికి అతను ముందుకే చూస్తున్నాడు, వేగం పెద్దగా తగ్గలేదు. గీత వెంబడి 53 గజాలు ఎవరికీ దొరకలేదు.

"అన్నా, మళ్ళీ చూపిస్తారు ఉండు, మళ్ళీ చూపిస్తారు" అంటూ లేచి నిలబడ్డది మెరూన్ టీషర్టువాడే. సొంత జట్టు మీద టచ్‌డౌన్ పడిందన్న సంగతే మర్చిపోయాడు. 42-24తో మావాళ్ళు గెలిచారు. బజ్జీలు చల్లారిపోయాయి.

మర్నాటి నుంచీ టీవీలో వినయం, త్యాగం, జట్టు కోసం తగ్గడం అంటూ ఒకటే ఊదర. నాకు ఆ మాటలు కొంచెం ఎబ్బెట్టుగా అనిపించాయి. భుజం సరిగ్గా ఉంటే అతను తగ్గేవాడా? ఎందుకు తగ్గాలి? అతను చేసింది త్యాగంకన్నా కష్టమైంది, కాకపోతే చూడ్డానికి అంత పసందుగా ఉండదు. అది ఆ రాత్రి కనబడలేదు. తర్వాతి వారాల్లో కనబడింది.

ఆ సీజన్లో నేను టీవీలో బంతిని వదిలేసి మిల్లర్‌ని చూడటం మొదలుపెట్టాను. కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి అది అంత తేలిక కాదు. అతను గీత దగ్గర నిలబడతాడు. ఆట మొదలవగానే ప్రాణం పెట్టి పరుగెత్తుతాడు, మలుపు తిరుగుతాడు, చూస్తాడు. బంతి అవతలివైపు వెళ్ళిపోయి ఉంటుంది. నడుచుకుంటూ వెనక్కి వస్తాడు. మళ్ళీ నిలబడతాడు. మళ్ళీ అదే వేగంతో పరుగు. బంతి రాదని తెలిసినా వేగం తగ్గించకూడదు, తగ్గిస్తే వెంటపడేవాడికి తెలిసిపోతుంది. కొన్నిసార్లు తన జట్టులో ఇంకొకడు బంతి పట్టుకుని వస్తుంటే వాడికి దారి కోసం తను వెళ్ళి ఎదుటివాణ్ణి ఢీకొట్టాలి. ఇప్పుడు ప్రత్యేకమైన రంగు జెర్సీ లేదు. ప్రాక్టీసులో కూడా ఎవడైనా గుద్దొచ్చు.

ఆ సీజన్లోని పదమూడు మ్యాచ్‌ల్లో అతను పట్టిన పాసులు 26, సంపాదించింది 341 గజాలు. అంటే మ్యాచ్‌కి రెండు పాసులు. మూడేళ్ళపాటు మైదానంలో ఉన్నంతసేపూ బంతి ముందు తన చేతికే వచ్చినవాడు. ఇప్పుడు సాయంత్రమంతా పరుగెత్తితే రెండు పాసులు అందుతాయి. దెబ్బలు తినడానికి ఒళ్ళు అలవాటు పడుతుంది. బంతి లేకుండా పరుగెత్తడానికి మనసు అలవాటు పడాలి. చోటు మారినవాళ్ళలో చాలామంది అక్కడే ఆగిపోతారని నాకు అనిపిస్తుంది. కొత్త పని రాక కాదు, తమ వైపు ఎవరూ చూడని సమయాన్ని భరించలేక.

వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే 2016 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ అతన్ని మూడో రౌండ్లో, 85వ వాడిగా తీసుకుంది. రిసీవర్‌గానే. అక్కడ పెద్దగా రాణించలేదు, ఆ సంగతి దాచక్కర్లేదు. అయినా నా లెక్కలో అతను గెలిచినట్టే. తను చిన్నప్పటి నుంచీ నేర్చిన పనికి భుజం సహకరించనప్పుడు, ఏడాది కూడా చెయ్యని కొత్త పనికి వృత్తి జట్టు జీతం ఇచ్చి పిలిచింది. అతనికి ముందు ఇదే ఒహాయో స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన టెరెల్ ప్రయర్, వృత్తి జట్టులో రిసీవర్‌గా మారి 2016లో క్లీవ్‌లాండ్ తరఫున వెయ్యి గజాలు దాటాడు. పచ్చబొట్ల గొడవలో పేరు వినబడినవాడు కూడా అతనే. ఈ ఊరివాళ్ళు అతన్ని క్షమించడానికి ఆ వెయ్యి గజాలూ కొంత పనికొచ్చాయి.

చోటు మారినవాళ్ళందరిలోకీ నాకు ఇష్టమైనవాడు రిచర్డ్ షెర్మన్. అతను మారింది తిరగబడిన దారిలో. స్టాన్‌ఫర్డ్‌లో 2006లో చేరిన ఏడాదే పాసులు పట్టడంలో జట్టులో ముందున్న రిసీవర్. 2008లో మోకాలికి దెబ్బ. ఆ తర్వాత నన్ను అవతలివైపుకి, కార్నర్‌బ్యాక్‌గా మార్చండి అని తనే అడిగాడు. అంటే మొన్నటిదాకా తను చేసిన పనిని ఇవాళ చెడగొట్టడం. 2011 డ్రాఫ్ట్‌లో అయిదో రౌండ్ దాకా ఎవరూ పిలవలేదు. 154వ వాడిగా సియాటిల్ తీసుకుంది.

2014 జనవరి 19న సియాటిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోతో పోటీ. గెలిచినవాళ్ళు వృత్తి జట్ల ఆఖరి పోటీ సూపర్ బౌల్‌కి వెళ్తారు. ఆఖరి అర నిమిషంలో సియాటిల్ 23-17తో ముందుంది. శాన్‌ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ కేపర్నిక్ మూలకి, మైకేల్ క్రాబ్‌ట్రీ కోసం బంతి వేశాడు. పక్కనే షెర్మన్ ఉన్నాడు. సాధారణంగా కార్నర్‌బ్యాక్ ఎదుటివాడి చేతులమీద కొట్టడానికి చూస్తాడు. షెర్మన్ మాత్రం రిసీవర్ ఎగిరినట్టు ఎగిరాడు, బంతి ఎక్కడికి దిగుతుందో అక్కడికి. వేళ్ళతో ఎగదోశాడు. అది వెళ్ళి తన జట్టువాడు మాల్కమ్ స్మిత్ చేతిలో పడింది. అవతలి జట్టు కోచ్ ఎవరనుకున్నారు? జిమ్ హార్బా. స్టాన్‌ఫర్డ్‌లో షెర్మన్ చోటు మారినప్పుడు అక్కడ కోచ్‌గా ఉన్నవాడే. రెండువారాల తర్వాత సియాటిల్ 43-8తో సూపర్ బౌల్ గెలిచింది.

ఆ ఎగరడంలో కార్నర్‌బ్యాక్ ఎంత, పాత రిసీవర్ ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. పాత పని ఒంట్లోంచి పోదు. కొత్త పని చేస్తున్నప్పుడు అది లోపల కూర్చుని సలహాలు ఇస్తూనే ఉంటుంది.

దీనికి ఇంకా వింత రుజువు ఒకటుంది. 2006 ఫిబ్రవరి 5, డెట్రాయిట్, నలభయ్యో సూపర్ బౌల్. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 14-10తో సియాటిల్ మీద ముందున్నారు. నాలుగో క్వార్టర్. స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్ బెన్ రాత్లిస్‌బర్గర్ బంతిని విల్లీ పార్కర్‌కి అందించాడు. పార్కర్ ఎదురుగా పరుగెత్తుకొస్తున్న రిసీవర్ ఆంట్వాన్ రాండల్ ఎల్ చేతిలో పెట్టాడు. అడ్డుకునేవాళ్ళంతా ఇతను ఇక పరుగెత్తుతాడనుకుని మీదికి దూకారు. రాండల్ ఎల్ పరుగులోనే చెయ్యెత్తి 43 గజాలు విసిరాడు. హైన్స్ వార్డ్ పట్టాడు. టచ్‌డౌన్. 21-10. సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ పాస్ వేసిన మొదటి వైడ్ రిసీవర్‌గా రాండల్ ఎల్ పేరు నిలిచిపోయింది.

కొత్తగా చూసేవాళ్ళకి అది టక్కు. ఆ ఇద్దరి కాలేజీ రోజులు తెలిసినవాళ్ళకి వేరే కథ. రాండల్ ఎల్ ఇండియానా యూనివర్సిటీలో నాలుగేళ్ళు క్వార్టర్‌బ్యాక్. పెద్ద డివిజన్ కాలేజీ ఆటలో నలభై టచ్‌డౌన్లు విసిరి, ఇంకో నలభై తనే పరుగెత్తి చేసిన మొదటివాడు. 2002లో స్టీలర్స్ తీసుకున్నది రిసీవర్‌గా. ఆ బంతి పట్టిన హైన్స్ వార్డ్ సియోల్‌లో పుట్టాడు, తల్లి కొరియన్. జార్జియా యూనివర్సిటీలో ఏది ఖాళీ ఉంటే అందులో ఆడించారు. 1995 చివర పీచ్ బౌల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా దించితే 413 గజాలు విసిరాడు, జట్టు ఓడినా. అతనికి కూడా వృత్తిలో దొరికింది రిసీవర్ చోటే. ఆ రాత్రి అత్యుత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనికే. అంటే ఒక పాత క్వార్టర్‌బ్యాక్ విసిరితే ఇంకో పాత క్వార్టర్‌బ్యాక్ పట్టాడు. అసలు క్వార్టర్‌బ్యాక్ ఆ సమయంలో ముందుకి వెళ్ళి వాళ్ళకి దారి చేస్తున్నాడు.

పదేళ్ళ తర్వాత, 2016లో, రాండల్ ఎల్ ఒక పత్రికతో మాట్లాడాడు. అప్పటికి ముప్ఫయ్యారేళ్ళు. మెట్లు దిగడం కష్టంగా ఉందన్నాడు, మాటలు మర్చిపోతున్నానన్నాడు, మళ్ళీ అవకాశం వస్తే ఫుట్‌బాల్ ఆడనని చెప్పాడు. కాలేజీకి ముందే బేస్‌బాల్ జట్టు ఒకటి అతన్ని పిలిచింది కూడా. రిసీవర్‌గా, బంతి వెనక్కి తెచ్చేవాడిగా వృత్తిలో తిన్న దెబ్బలన్నీ రక్షణ రంగు జెర్సీ లేని చోట తిన్నవి. క్వార్టర్‌బ్యాక్‌గానే ఉండనిచ్చి ఉంటే ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ 43 గజాల పాస్‌ని మళ్ళీ మళ్ళీ వేసి చూపించే ముచ్చటలో ఈ ముక్క ఎవరూ కలపరు.

ఇక్కడే నాకు ఈ కథలన్నిటి మీదా ఒక అనుమానం మొదలవుతుంది. మిల్లర్, ప్రయర్, షెర్మన్, రాండల్ ఎల్, వార్డ్. నేను ఏరుకుని రాసిన పేర్లు కావివి. చోటు మారి గెలిచినవాళ్ళెవరని అడిగితే నాకు మొదట గుర్తొచ్చేవి. అందరూ నల్లవాళ్ళు, లేదా వార్డ్‌లా సగం నల్లవాళ్ళు. షెర్మన్‌ని పక్కన పెట్టినా, క్వార్టర్‌బ్యాక్ చోటు వదిలిపెట్టినవాళ్ళ జాబితా అమెరికాలో ఊరికే అలా తయారవలేదు. బుద్ధి ఉపయోగించే చోటు అది, నల్లవాడికి కాళ్ళే ఉన్నాయి అనే నమ్మకం కొన్ని దశాబ్దాలు జట్ల గదుల్లో పైకి చెప్పకుండానే రాజ్యమేలింది.

మార్లిన్ బ్రిస్కో గురించి చదివితే ఆ రాజ్యం ఎలా నడిచిందో తెలుస్తుంది. ఒమాహా యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్. 1968లో డెన్వర్ బ్రాంకోస్ పద్నాలుగో రౌండ్లో తీసుకుంది, అదీ అడ్డుకునేవైపు ఆడటానికి. అతనికి ఏజెంటు లేడు. తనే కూర్చుని బేరమాడాడు: సంతకం పెడతాను, కానీ ముందు మూడ్రోజులు క్వార్టర్‌బ్యాక్‌గా పరీక్ష పెట్టండి. పెట్టారు. తర్వాత మళ్ళీ అడ్డుకునేవైపే నిలబెట్టారు. జట్టు క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలాక ఇక వేరే దారి లేక అతనికి అవకాశం ఇచ్చారు. అప్పుడు డెన్వర్ ఆడిన లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా మ్యాచ్ మొదలుపెట్టిన మొదటి నల్లవాడు అతను. ఆ ఒక్క సీజన్లో పద్నాలుగు టచ్‌డౌన్లు విసిరాడు. డెన్వర్‌లో కొత్తగా వచ్చినవాడి రికార్డుగా అది యాభై ఏళ్ళకి పైగా నిలిచింది.

మరుసటి ఏడాది తనకి తెలియకుండా క్వార్టర్‌బ్యాక్‌ల సమావేశాలు జరుగుతున్నాయని అతనికి తెలిసింది. అంతే, అక్కణ్ణించి బయటపడ్డాడు. బఫెలో వెళ్ళాడు. అక్కడ రిసీవర్‌గా మారి 1970లో 1,036 గజాలు సాధించాడు. తర్వాత మయామీ జట్టులో, 1972 సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా సూపర్ బౌల్ గెలిచిన ఆ జట్టులో ఉన్నాడు. ఇప్పుడు దీన్నేమనాలి? చోటు మారి గెలిచాడనాలి, నిజమే. మిల్లర్ గురించి టీవీవాళ్ళు వాడిన మాటలన్నీ ఇతనికి కూడా అతుకుతాయి: ఓర్పు, పట్టుదల, కొత్తది నేర్చుకోవడం. అన్నీ అతికాక కూడా కథ పచ్చిగానే ఉంటుంది. ఎందుకంటే అతను పాత చోట ఓడిపోలేదు. భుజం పాడవలేదు. బాగా ఆడుతుంటే గది తలుపు వేసేశారు.

కాదన్నవాడు కూడా ఉన్నాడు. వారెన్ మూన్. 1978 జనవరిలో వాషింగ్టన్ యూనివర్సిటీని రోజ్ బౌల్‌లో మిషిగన్ మీద గెలిపించి, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. చోటు మార్చుకుంటే తీసుకుంటామన్న సూచనలు వచ్చాయి. అతను మార్చుకోనన్నాడు. ఆ ఏటి డ్రాఫ్ట్‌లో అతని పేరు ఏ జట్టూ పలకలేదు. కెనడా వెళ్ళిపోయాడు, ఎడ్మంటన్‌కి. అక్కడ వరసగా అయిదు గ్రే కప్‌లు గెలిచాడు. 1984లో హ్యూస్టన్ పిలిస్తే వెనక్కి వచ్చాడు, క్వార్టర్‌బ్యాక్‌గానే. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్ల క్వార్టర్‌బ్యాక్ అతను. బాగానే ఉంది. కానీ కాదన్నందుకు ఆరేళ్ళు కెనడా చలిలో ఆడాలి, తన దేశంలో ఎవరూ చూడకుండా. అందరికీ అంత ఓపికా, అంత నమ్మకమూ ఉండవు. వయసు కూడా ఆగదు. నలభయ్యేళ్ళ తర్వాత, 2018లో కూడా, కాలేజీ ఆటలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచి వచ్చిన లమార్ జాక్సన్‌కి రిసీవర్‌గా మారితే మంచిదని సలహాలు చెప్పారు. అతనూ మారనన్నాడు. మొదటి రౌండ్ ఆఖర్న, 32వ వాడిగా బాల్టిమోర్ తీసుకుంది. మరుసటేడు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఓటర్లందరూ ఏకగ్రీవంగా అతని పేరే రాశారు.

క్రికెట్‌లో మనవాళ్ళకి ఇది కొత్త కాదు. హైదరాబాద్ వి.వి.ఎస్. లక్ష్మణ్‌ని ఓపెనింగ్‌కి పంపినప్పుడు అందరూ సర్దుకుపో అన్నవాళ్ళే. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు కూడా. అయినా ఆ తర్వాత ఓపెనింగ్ చెయ్యనని తేల్చి చెప్పేశాడు. జట్టులో చోటు పోతే పోయిందని రంజీ మ్యాచ్‌లు ఆడుకున్నాడు, ఒకే సీజన్లో 1,415 పరుగులు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలోఆన్ పడ్డాక అతన్ని ఆరు నుంచి మూడుకి పంపారు, 281 కొట్టాడు. చోటు మారడమంటే అతనికి చేదు కాదని అక్కడ తెలుస్తుంది. ఆ రోజు అతని కోసం మూడో స్థానం వదిలి ఆరులో దిగిన ద్రావిడ్ 180 కొట్టాడు. ఆ 180 సంగతి హైదరాబాద్‌లో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ఎత్తరు, మనం గుర్తుచెయ్యాలి.

ఖమ్మం కుర్రాడి సంగతి చెప్పలేదు. ఇప్పుడు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లలు. మంచి డెవలపర్. కొన్నేళ్ళ కిందట వాడు పనిచేసే చోట ఒక సోమవారం లాగిన్ అయితే వాడి పేరు ప్రొడక్షన్ సపోర్ట్ పట్టికలో ఉంది. ముందు ఒక్క మాట లేదు. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది, ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడో ఆగిపోయి ఉంటుంది, లేచి బాగుచెయ్యాలి. బాగుచేస్తే ఎవరికీ తెలియదు. చెయ్యకపోతే అందరికీ తెలుస్తుంది.

వాడు ఆ పనిలో రాటుదేలాడు. ప్రోగ్రాం ఎక్కడ విరుగుతుందో అర్ధరాత్రి చూసినవాడికి తెలిసినంతగా పగలు కూర్చుని రాసినవాడికి తెలియదు. తిరిగి డెవలప్‌మెంట్‌లోకి తీసుకున్నాక వాడు రాసిన ప్రోగ్రాం తప్పు జరిగినచోట ఆగి, ఏ ఫైల్లో ఏ లైను దగ్గర ఏమైందో నిద్రకళ్ళతో ఉన్నవాడికి కూడా అర్థమయ్యేలా చెప్తుంది. మొన్నామధ్య ఇంటికొచ్చినప్పుడు నేను షెర్మన్ కథ చెప్పి, నీదీ అదే కదరా, మారినందువల్లే ఇంతవాడివయ్యావు అన్నాను.

"కాదనను అన్నా. పని నేర్పింది."

"మరి ఇంకా ఆ మాటెత్తితే మొహం అలా పెడతావేం?"

"అడగలేదుగా."

"అడిగితే మాత్రం వద్దనేవాడివా?"

"ఎట్లంటా? హెచ్‌ఒన్ పొడిగింపు కాయితాలు వాళ్ళ చేతిలో ఉండె. సరే అనేవాణ్ణే." కాసేపు ఆగాడు. "అయినా అడిగితే వేరుండేది అన్నా."